పాత చీరతో పట్నం ఎండాకాలం: ఏది కట్టాలి, ఎలా కట్టాలి, ఎక్కడ చిరుగుతుంది

పాత చీరలంటే ఇష్టమున్నవాళ్లకి హైదరాబాదులో అసలైన సీజను ఎండాకాలమే. పొద్దు వాలాక మొజంజాహీ మార్కెట్ ఆవరణలో ఐస్‌క్రీమ్, టాంక్‌బండ్ మీద గాలి, తెల్లవారుజామున చార్మినార్ చుట్టూ నడక, రవీంద్రభారతిలో ఓ కచేరీ. వీటన్నిటికీ అమ్మమ్మ బీరువాలోంచి తీసిన వెంకటగిరి చీరను మించిన బట్ట లేదు. అయితే పాత బట్టను అన్నిటికన్నా ఎక్కువ పాడుచేసేది కూడా ఈ మూడు నెలలే. చెమట, ఎండ, వెంటవెంటనే ఉతుకులు, గంజి, ఇస్త్రీ అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఇరవై ఏళ్లు మడతలో భద్రంగా ఉన్న చీర ఒక్క ఏప్రిల్‌లో నిలువునా చిరిగిపోవడం మామూలే.

చిక్కంతా మనం తేలిగ్గా నమ్మే మూడు మాటల దగ్గరుంది. పాతది కాబట్టి నూలుదే అనుకుంటాం. నూలుది కాబట్టి చల్లగా ఉంటుందనుకుంటాం. పట్టుది కాబట్టి ఉడికిస్తుందనుకుంటాం. మూడింట్లోనూ సగమే నిజం. చీర వయసు చూసి తీర్మానించడం మానేసి, అది ఏ పోగుతో నేసింది, ఎంత సన్నగా నేసింది, ఇప్పుడు దానిలో ఎంత సత్తువ మిగిలింది అని చూస్తే ఏది ఎప్పుడు కట్టాలో దానంతటదే తేలుతుంది.

పోగును గుర్తుపట్టడం

బీరువాలో దొరికిన చీర మీద ఏ ముద్రా ఉండదు. అసలు పట్టుకు వేసే సిల్క్ మార్క్ 2004లో, చేనేతకు వేసే హ్యాండ్లూమ్ మార్క్ 2006లో వచ్చాయి. అంతకు ముందు కొన్న చీరను మన కళ్లతో, వేళ్లతోనే పోల్చుకోవాలి.

అమ్మల కాలం నాటిదనగానే చేనేత అనుకోవడం మొదటి పొరపాటు. 1970ల్లో, 80ల్లో మధ్యతరగతి ఇళ్లలో ముచ్చటపడి కొనుక్కున్నవాటిలో నైలెక్స్ అనే నైలాన్ చీరలు, పాలిస్టర్ జార్జెట్లు, గార్డెన్ వరేలీ కంపెనీ ప్రింట్లు చాలా ఉన్నాయి. ఆ పెద్ద పెద్ద పూలు, ఆ రంగులు ఇప్పటికీ చూడముచ్చటగా ఉంటాయి. వాటిని నిక్షేపంగా దాచుకోవాలి, కట్టుకోవాలి కూడా. కాకపోతే మే నెల మధ్యాహ్నం బయటికి మాత్రం కాదు.

చీర కట్టుకునేటప్పుడు లోపలికి పోయే కొస నుంచి రెండంగుళాల పడుగు (నిలువు) పోగు ఒకటి, పేక (అడ్డం) పోగు ఒకటి లాగండి. రెండూ విడివిడిగా చూడాలి, ఎందుకంటే పడుగు పట్టు, పేక నూలు అయిన చీరలు మన దగ్గర కొల్లలు. పోగును పట్టకారుతో పట్టుకుని సింకు మీద అగ్గిపుల్ల అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగులుతుంది. పట్టైతే వెంట్రుక కాలిన వాసన, నలిపితే పొడి అయ్యే నల్లటి ఉండ. నైలాన్, పాలిస్టర్ అయితే కరిగి, గోటికి లొంగని గట్టి పూస కడతాయి. పట్టులా మెరుస్తూ కాగితం వాసన వస్తే అది రేయాన్. దీన్ని పసిగట్టడం చాలా అవసరం. తడిస్తే నూలు పోగు మరింత బలపడుతుంది, పట్టు కొంత బలహీనపడుతుంది, రేయాన్ దాదాపు సగం బలం కోల్పోతుంది. పాత రేయాన్ చీరను బకెట్లో నానబెట్టి ఒక అంచు పట్టుకుని పైకి లాగితే, నీళ్ల బరువుకే అది చినుగుతుంది.

చేనేతో మరనేతో తెలియాలంటే చీర రెండు అంచుల చివరా పరిశీలనగా చూడండి. మగ్గం మీద బట్ట వెడల్పు తగ్గకుండా అడ్డంగా పెట్టే పుల్ల కొసలు గుచ్చుకున్న చిన్న చిన్న రంధ్రాలు అంచు పొడవునా కనిపిస్తే చేనేత అయ్యే అవకాశం ఎక్కువ. బట్ట తిరగేసినప్పుడు బుటాల వెనక పోగులు కత్తిరించి వదిలేసినట్టుంటే మరనేత కావచ్చు, అదొక్కటే చూసి తేల్చేయకండి. జామ్దానీ అనే చేనేత పద్ధతిలో బుటా పోగును చేత్తో ఒక్కొక్క బుటాకీ విడిగా చుట్టి నేస్తారు, అందుకే వెనక కూడా శుభ్రంగా ఉంటుంది.

చల్లదనం ఎక్కడినుంచి వస్తుంది

వస్త్రశాస్త్రంలో ఒక కొలత ఉంది. ప్రామాణిక వాతావరణంలో ఒక పోగు తన పొడి బరువులో ఎంత శాతం తేమ పట్టుకోగలదు అన్నది. నూలుకు అది సుమారు 8.5, పట్టుకు 11, నైలాన్‌కు 4, పాలిస్టర్‌కు 0.4. ఈ అంకెలు చూస్తే పట్టు ఉడికిస్తుందన్న మాట ఎందుకు సగమే నిజమో అర్థమవుతుంది. పట్టు పోగు చెమటను బాగానే పీలుస్తుంది. మనల్ని ఉడికించేది పెళ్లి చీరల దట్టమైన నేత, జానెడు జరీ అంచు, కింద వేసుకునే పాలిస్టర్ లంగా, లైనింగు వేసిన బిగుతు జాకెట్టు. అంచు సన్నగా ఉన్న పలుచని పాత పట్టు చీరను నూలు లంగాతో సాయంత్రం కట్టి చూస్తే తేడా తెలుస్తుంది. పాలిస్టర్ సంగతి వేరు. అది చెమటను దాదాపు తాకదు. ఒంటికి, బట్టకు మధ్య ఆవిరి నిలిచిపోతుంది.

ఇక ఊరిని బట్టి లెక్క మారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదు మధ్యాహ్నాల్లో ఎండ 40 డిగ్రీలు దాటినా గాలిలో తేమ తక్కువ, 30 శాతం అటూఇటూ. చెమట పట్టీ పట్టగానే ఆరిపోతుంది. అక్కడ ఒంటిని నిండుగా కప్పే లేత రంగు నూలు చీర గొడుగులా పనిచేస్తుంది. విశాఖలో ఎండ అంత లేకపోయినా తేమ 70 శాతం దరిదాపుల్లో ఉంటుంది. చెమట ఆరదు, మెత్తని చీర కాళ్లకు చుట్టుకుపోతుంది. అక్కడ కావలసింది గాలి ఆడే పలుచని నేత, ఒంటికి అంటుకోకుండా నిలబడే కాస్త గంజి. విజయవాడకు ఎండ, తేమ రెండూ ఉన్నాయి కాబట్టి పగటిపూట బయట తిరిగే పనికి ఏ పాత చీరా అంత మంచిది కాదు. కూలర్ నడుస్తున్న గది కూడా చిన్న విశాఖే. బయట హాయిగా ఉన్న చీర లోపల బరువెక్కుతుంది.

నూలు చీరల్లో కూడా అన్నీ ఒకటి కావు. నూలు సన్నదనాన్ని నంబరుతో చెబుతారు. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తాయో అదే దాని నంబరు. 80వ నంబరంటే ఒక పౌనులో 67,200 గజాల పోగు. మంగళగిరి చీరలకు 80వ నంబరు నూలు పడుగుకూ పేకకూ వాడటం ఆనవాయితీ. గుంట మగ్గం మీద దట్టంగా నేస్తారు, అందుకే నలభై ఏళ్ల మంగళగిరి కూడా రోజువారీ వాడకానికి నిలబడుతుంది. నిజాం అంచు ఉన్న మంగళగిరి దొరికితే వదలొద్దు, పట్నం ఎండాకాలానికి అంత నమ్మకమైన చీర ఇంకోటి లేదు. వెంకటగిరికి 100వ నంబరు నూలు. చేతిలో ఉంటే ఉన్నట్టే ఉండదు. చల్లదనంలో దానికి సాటి లేదు గానీ, పోగు సన్నం కాబట్టి ముందు అలిసిపోయేది కూడా అదే.

గద్వాల చీర రెండు లోకాలు కలిపిన పని. ఒడలు, అంటే చీర మధ్య భాగం, నూలు; అంచు, కొంగు పట్టు. విడిగా నేసి కుట్టినట్టు కనిపించినా, నేతలోనే పోగుకు పోగు మెలేసి కలుపుతారు. ఆ కలయిక గీతే దాని అందం, దాని బలహీనత కూడా. నీళ్లు తగిలితే నూలు ముడుచుకుంటుంది, పట్టు అంతగా ముడుచుకోదు. కొన్ని ఉతుకుల తర్వాత అంచు అలలుగా లేస్తుంది, గీత పొడవునా పోగులు తెగుతాయి. పాత గద్వాలను కొనేటప్పుడు మొట్టమొదట వేలు ఆనించి చూడవలసింది ఆ గీతనే.

కలంకారీ కట్టేవాళ్లు నలుపు గీతల్ని చూడాలి. బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము నానబెట్టి తీసిన నలుపు, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పడి ముదురుతుంది. ఆ ఇనుమే ఏళ్ల మీద నూలు పోగును తినేస్తుంది. పాత పెడన, కాళహస్తి బట్టల్లో ఎరుపు, నీలం గట్టిగా ఉండి, బొమ్మ చుట్టూ నల్ల గీత ఉన్నచోట మాత్రం సన్నని చీలికలు కనిపించడానికి కారణం ఇదే. దానికి మందు లేదు. అలాంటి చీరను కట్టకుండా, వెలుతురు తగలని చోట పరిచి దాచుకోవడమే మేలు.

హైదరాబాదుకు చెందిన ముష్రూ గురించి ఒక మాట. పైకి పట్టు మెరుపు, ఒంటికి తగిలేవైపు నూలు వచ్చేట్టు నేసే బట్ట ఇది. పూర్వీకుల ఇళ్లలో పైజామాలుగా, లంగాలుగా దొరుకుతుంది. ఈ నేతను, దీనిలాగే నూలు, పట్టు కలిపి నేసే హిమ్రూను హైదరాబాదులో దశాబ్దాల పాటు నిలబెట్టినవారు సురయ్యా హసన్ బోస్. పాత ముష్రూ దొరికితే మెరిసే వైపు పోగులు తెగి మెత్తగా నూగులా లేచాయేమో చూసుకోండి.

సత్తువ పరీక్ష

పగటి వెలుతురున్న కిటికీకి అడ్డంగా చీరను గజం గజం చొప్పున పట్టి చూడండి. సూదిమొనంత వెలుతురు చుక్కలు వరసగా మడత గీత మీదే కనిపిస్తే, చిరుగు అక్కడ మొదలవబోతోందని అర్థం. తర్వాత రెండు చేతుల బొటనవేళ్లు అంగుళం ఎడంగా పెట్టి, నిలువుకీ అడ్డానికీ నెమ్మదిగా సాగదీయండి. గట్టి బట్ట సాగి వెనక్కి వస్తుంది. చిటచిట శబ్దం వచ్చిందంటే ఆగిపోండి. ఈ పరీక్ష నాలుగు చోట్ల చేయాలి. నడుం దగ్గర దోపుకునే భాగం, కుచ్చిళ్ల కింది అంచు, భుజం మీద పిన్ను పడే చోటు, మోకాళ్ల దగ్గరి భాగం. నాలుగూ నిలబడితే చీర కట్టొచ్చు. కుచ్చిళ్లు, నడుం బలహీనంగా ఉండి కొంగు గట్టిగా ఉంటే చీరను తిరగేసి కట్టడం కుదరదు కాబట్టి, దాన్ని ఓణీగానో కండువాగానో వాడుకోవడం మంచిది. నాలుగు చోట్లా శబ్దం వస్తే రిపేరు ఖర్చు పెట్టకండి.

చిన్న చిరుగుకు మాసిక వేయించవచ్చు. హైదరాబాదు పాతబస్తీలో రఫూ పని చేసే చేతులు ఇంకా ఉన్నాయి. వాళ్లకు ఇచ్చేటప్పుడు చీర లోపలి కొస నుంచే తీసిన పోగులు వాడమనండి. కొత్త దారం రంగు కలిసినా పాత బట్టకన్నా బలంగా ఉంటుంది, చుట్టూ ఉన్న పోగుల్ని కోసేస్తుంది. చిరుగు వెనక చేరెడు పలుచని మల్లు గుడ్డ అతికి కుట్టించడం ఇంకో మార్గం. కొన్ని దుకాణాల్లో చీర మొత్తానికి వెనక నెట్ వేసిస్తారు. చలికాలంలో కట్టే పట్టు చీరకైతే సరే. వేసవికి మాత్రం అది తప్పు, నైలాన్ నెట్ అయితే మరీను. చీర బరువు పెరుగుతుంది, గాలి ఆగుతుంది, పలుచని నేత కట్టిన ప్రయోజనమే పోతుంది.

ఒడలు గట్టిగా ఉన్న చీరను కత్తిరించి కుషన్ కవర్లు, లెహంగాలు కుట్టించడం ఇప్పుడు మామూలైపోయింది. దయచేసి ఆ పని చేయకండి. ఆ నంబరు నూలు, ఆ నేత మళ్లీ దొరకడం కష్టం. కత్తెర వేయాల్సింది ఒడలు పూర్తిగా పోయి అంచు మాత్రమే బతికున్నప్పుడు. అప్పుడు అంచును జాగ్రత్తగా విప్పి కొత్త నూలు గుడ్డకు వేయించుకోవచ్చు.

గంజి

ఎండాకాలపు చీర మర్యాదంతా గంజిలో ఉంది. చాలా చీరలు పాడయ్యేదీ గంజితోనే.

గంజి పనేమిటంటే పోగుల్ని కాస్త బిగదీసి, బట్ట ఒంటికి అంటుకోకుండా నిలబెట్టడం. ఆ సందులో గాలి ఆడుతుంది. గంజి ఎక్కువైతే పోగుల మధ్య రంధ్రాలు పూడిపోతాయి, చీర అట్టలా తయారై గాలి ఆడదు. పైగా బిరుసెక్కిన పోగు మడత పడ్డచోట విరుగుతుంది. కొత్త మంగళగిరికి సరిపోయే గంజిలో సగమే పాత వెంకటగిరికి పెట్టాలి.

ఆరు గజాల పాత నూలు చీరకు రెండు టేబుల్ స్పూన్ల సగ్గుబియ్యం అరగంట నానబెట్టండి. లీటరు నీళ్లలో వేసి, గింజలు అద్దంలా కనిపించేదాకా సన్నని మంట మీద పావుగంట ఉడికించండి. అడుగంటకుండా కలుపుతూ ఉండాలి. దించి పలుచని గుడ్డలో వడకట్టండి. ఈ వడకట్టే పని బద్ధకించడం వల్లే ముదురు రంగు చీరల మీద తెల్ల మచ్చలు తేలతాయి. వడకట్టినదాన్ని నాలుగు లీటర్ల చల్లటి నీళ్లలో కలపండి. చీర గట్టిదైతే రెండున్నర లీటర్లు చాలు. అన్నం వార్చిన గంజైనా బాగుంటుంది, కాకపోతే అందులో ఉప్పు పడి ఉండకూడదు, అదే రోజు వాడేయాలి. పులిస్తే వాసన వదలదు.

చీరను ముందు మామూలు నీళ్లలో తడిపి పిండాకే గంజిలో ముంచాలి. పొడిగా ముంచితే మొదట తగిలిన చోటే గంజి అంతా పీల్చుకుంటుంది. రెండు నిమిషాలు అటూఇటూ తిప్పి, మెలిపెట్టకుండా చేతుల మధ్య నొక్కి తీయండి. లోపలివైపు పైకి వచ్చేట్టు, నీడపట్టున, గాలి తగిలేచోట ఆరేయండి. మిట్టమధ్యాహ్నం ఎండలో వేస్తే పైభాగం ముందే ఆరి, లోపలి తడి గంజిని పైకి లాక్కొచ్చి చారలు కడుతుంది. ఎనభై శాతం ఆరాక తీసి, లేదా పూర్తిగా ఆరితే నీళ్లు చిలకరించి, చుట్టచుట్టి ఇరవై నిమిషాలు ఉంచి ఇస్త్రీ చేయండి. ఇస్త్రీపెట్టె బాగా కాగితే గంజి మాడి గోధుమరంగు మచ్చ పడుతుంది. అది గంజి మచ్చే అయితే ఉతికితే పోతుంది, నూలు మాడిందైతే పోదు.

తెల్ల చీరకు నీలిమందు వేసేవాళ్లు ఐదు లీటర్ల నీళ్లలో నాలుగైదు చుక్కలు బాగా కలిపాకే చీర ముంచాలి. చుక్కలు నేరుగా బట్ట మీద పడితే ఆ మచ్చ వదలడం కష్టం.

గంజికి ముందు ఒక ఉతుకు ఉంటుంది కదా, అక్కడ రంగు పరీక్ష తప్పనిసరి. తడి తెల్లగుడ్డను ఎరుపు, నలుపు ఉన్నచోట రెండు నిమిషాలు అదిమి చూడండి. రంగు అంటితే ఆ చీర నీళ్లలో నాననివ్వకూడదు, చకచకా జాడించి తీసేయాలి. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు కట్టుబడుతుందని చాలామంది నమ్మకం. ఉప్పు ఆ రోజుకు రంగు కారడాన్ని కొంత తగ్గించవచ్చు గానీ వదులు రంగును శాశ్వతంగా పట్టించలేదు. పైగా సరిగంచు చీరకు ఉప్పు హాని. కుంకుడుకాయ రసం చాలా పాత చీరలకు సరిపోతుంది. పది పన్నెండు కాయలు గింజలు తీసి, అరలీటరు వేడినీళ్లలో గంట నానబెట్టి, పిసికి, వడకట్టి ఒక బకెట్ నీళ్లలో కలిపితే చాలు. తెల్ల చీరకు వద్దు, పసుపు ఛాయ వస్తుంది. బకెట్లోంచి తీసేటప్పుడు కొంగు పట్టి లాగకుండా, దోమతెర ముక్క మీదకు చీర మొత్తాన్ని తీసుకుని నాలుగు మూలలూ పట్టి ఎత్తండి.

కట్టడంలో మెలకువలు

పాత చీరల పన్నా (వెడల్పు) తక్కువ, చాలావాటికి 44, 45 అంగుళాలే. ఇప్పటి చీరలు 47, 48 దాకా ఉంటాయి. పొడుగ్గా ఉన్నవాళ్లు కడితే మడమల పైన ఆగిపోతుంది. కింద ముక్క కలపకుండా, నడుం దగ్గర దోపుకునే పై అంచుకు నాలుగంగుళాల మెత్తని నూలు పట్టీ కలిపి కుట్టించండి. అది లోపలికి పోతుంది కాబట్టి కనిపించదు, పైగా నడుం దగ్గరి ఒత్తిడిని పాత బట్ట బదులు ఆ పట్టీ మోస్తుంది. ఎనిమిది, తొమ్మిది గజాల చీర దొరికితే అది గోచీ పోసి కట్టడానికి నేసిందని గుర్తుంచుకోవాలి. దాన్ని ఆరు గజాల పద్ధతిలో కడితే కుచ్చిళ్లు ఇటుకల్లా తయారవుతాయి. జాకెట్టు ముక్క కలిపి ఉండదు కాబట్టి దానికోసం కొంగు చివర కత్తిరించే ఆలోచన పెట్టుకోవద్దు.

ఫాల్స్ గుడ్డను కుట్టేముందు రాత్రంతా వేడినీళ్లలో నానబెట్టి ఆరబెట్టండి. ఇది చేయకపోవడం వల్లే మొదటి ఉతుక్కే ఫాల్స్ ముడుచుకుని, దానితోపాటు పాత అంచును లాగి పోగులు తెంపుతుంది. కుట్టు చేత్తోనే వేయించాలి, మిషను సూది వరసగా పొడిచిన రంధ్రాల వెంబడి పాత బట్ట తేలిగ్గా చీలిపోతుంది.

పిన్నులు తగ్గించండి. భుజం మీద పిన్ను పెట్టక తప్పదంటే కొంగు మడతలన్నీ కలిపి, వెనక చిన్న గుడ్డముక్క పెట్టి దాని మీదుగా గుచ్చండి. కూర్చునేముందు మోకాళ్ల దగ్గర చీరను వేలెడు పైకి వదులు చేసుకోవాలి. ఆటో ఎక్కేటప్పుడు, గోల్కొండ మెట్ల మీద ఎక్కువ చీరలు చిరిగేది కాలు కింద అంచు పడటం వల్ల. రాళ్ల మెట్లున్న చోటికి మంగళగిరి, నారాయణపేట లాంటి దిట్టమైనవి కట్టండి. వెంకటగిరి, పలుచని పట్టు సాయంకాలం కూర్చునే చోట్లకు ఉంచండి. మధ్యాహ్నం బయటికి రావలసివస్తే సాలార్‌జంగ్ మ్యూజియం మంచి నీడ, శుక్రవారం తప్ప. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఆరో నిజాం బట్టల బీరువా 176 అడుగుల పొడవున ఉంటుంది. దుస్తుల మీద ప్రేమ ఉన్నవాళ్లు ఒక్కసారైనా దాని పక్కన నడవాలి.

మగవాళ్ల సంగతి క్లుప్తంగా. పాత షేర్వానీ లోపల లైనింగు, దట్టమైన గుడ్డ కాబట్టి వేసవికి వద్దు. తాతల నాటి మల్లు లాల్చీ, పొందూరు పంచె అసలైన వేసవి దుస్తులు. పొందూరులో దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి చేత్తో సన్నగా వడుకుతారు. ఆ పంచెకు గంజి నామమాత్రంగా చాలు. పాత లాల్చీ ముందు చిరిగేది చంకల కింద. అక్కడ వజ్రాకారపు చిన్న ముక్క కలిపి కుట్టిస్తే ఇంకొన్నేళ్లు వస్తుంది.

సరిగ, మరకలు

అసలైన జరీ అంటే పట్టు దారం చుట్టూ చదును చేసిన వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పూసింది. కొసన ఒక జరీ పోగును గోటితో గీకితే లోపల ఎర్రటి లేదా పసుప్పచ్చని పట్టు దారం కనిపిస్తుంది. రాగి రంగు లోహం బయటపడితే అది రాగి తీగకు పూత వేసిన టెస్టెడ్ జరీ. మెరుపు రేకులా ఊడి వస్తే ప్లాస్టిక్. పాత పట్టు చీరలు కొంటామంటూ వీధుల్లో తిరిగేవాళ్లు, దుకాణాలవాళ్లు లెక్కవేసేది ఈ వెండినే. జరీని కాల్చి వెండి తీశాక నేత మిగలదు. అమ్మే ముందు ఆ చీర సత్తువ పరీక్షలో నెగ్గుతుందేమో చూడండి.

వెండి నల్లబడేది గాలిలోని గంధకపు ఆవిరులకు, చెమట ఉప్పుకు. రబ్బరు బ్యాండ్లలో గంధకం ఉంటుంది, చీరకు అవి చుట్టకూడదు. నల్లబడ్డ అంచును చింతపండుతో, నిమ్మకాయతో రుద్దే చిట్కాలు ఇత్తడి చెంబుకు బాగుంటాయి. చీర మీద ఆ పులుపు పూతను లేపి, లోపలి పట్టును దెబ్బతీస్తుంది. సెంటు, అత్తరు బట్ట మీద చల్లకుండా ఒంటికి రాసుకుని ఆరాకే చీర కట్టాలి.

ఎండాకాలం మరకలకు వాటి స్వభావం ఉంది. తాటి ముంజల తొక్క రసం నూలు మీద పడి ఆరితే గోధుమరంగుకు తిరిగి నిలిచిపోతుంది, వెంటనే చల్లటి నీళ్లు పోయాలి. మామిడిపండు రసం కూడా అంతే, వేడినీళ్లు తగిలితే కట్టుబడుతుంది. నలిగిన మల్లెపూలు భుజం మీద పసుపు మరక వదులుతాయి కాబట్టి లేత రంగు పట్టు మీదకు జడలోని దండ జారకుండా చూసుకోండి. ఐస్‌క్రీమ్‌లో కొవ్వు, చక్కెర రెండూ ఉంటాయి. డ్రైక్లీనింగ్ కొవ్వును తీస్తుంది గానీ చక్కెరను, చెమట ఉప్పును తీయలేదు. అవి నీళ్లకు కరిగేవి. అప్పుడు కనిపించని చక్కెర మరక కొన్ని నెలలకు పసుపురంగులో బయటపడుతుంది. బట్ట ఇచ్చేటప్పుడే ఏం పడిందో, ఎక్కడ చెమట పట్టిందో దుకాణంలో చెప్పాలి.

ఇంటికి రాగానే చీర మడతపెట్టొద్దు. తిరగేసి, నీడలో రెండు మూడు గంటలు వేలాడేసి, చెమట ఆరాక నూలైతే ఆ మర్నాడే ఉతకండి. పట్టైతే చెమట పట్టినచోట తడిగుడ్డతో అద్ది ఆరనివ్వండి. రోలింగ్‌కు ఇవ్వాలనుకుంటే సత్తువ ఉన్న నూలు చీరలే ఇవ్వండి. బలహీనమైన పట్టుకు, పాత జరీకి ఆ రోలర్ల ఒత్తిడి తట్టుకునే శక్తి ఉండదు.

మృగశిర కార్తె వచ్చేలోపు, అంటే జూన్ మొదటి వారానికల్లా, గంజి పెట్టిన చీరలన్నిటికీ గంజి పూర్తిగా వదిలేదాకా రెండు నీళ్లు జాడించాలి. వానాకాలపు తేమలో గంజికి బూజు పడుతుంది, వెండిచేపలు చేరతాయి. అవి తినేది గంజినే, దానితోపాటు నూలు పోతుంది. పట్టును తినే పురుగులు వేరు, వాటికి చెమట, జిడ్డు ఉన్న చీరలే ఇష్టం. ఇస్త్రీ లేకుండా, పాత మడత గీతకు రెండంగుళాలు పక్కకు జరిపి మడవండి. మడతలోపల ఉతికిన తెల్లగుడ్డ చుట్టి పెట్టండి. ప్లాస్టిక్ సంచీలో పెడితే తేమ బయటికి పోదు, న్యూస్‌పేపరులోని ఆమ్లం, సిరా బట్టకు పడవు. నాఫ్తలీన్ గోళీలు వాడితే చిన్న గుడ్డమూటలో కట్టి అర మూలన పెట్టండి, జరీకి తగలకూడదు. ఎండిన వేపాకు మూటలైనా సరే, కానీ ఆకులు నిజంగా ఎండి ఉండాలి, పచ్చి ఆకు మరక చేస్తుంది. మూడు నెలలకోసారి తీసి, గంటసేపు నీడలో గాలి తగలనిచ్చి, మడత మళ్లీ మార్చి పెట్టండి.